తుక్కు ఇనుముతో ట్రాక్టర్ లోడర్

ట్రాక్టర్ ముందు భాగానికి రెండు ఇనుప చేతులు బిగించి, వాటి చివర బకెట్ తగిలించి, హైడ్రాలిక్ జాకీలతో ఎత్తి దించే పరికరమే లోడర్. బకెట్ తీసేసి ఆ చోట గడ్డి కట్టలు ఎత్తే ఫోర్కు, మట్టి చదును చేసే బ్లేడు, కంపను పట్టి లాగే పంజా పెట్టుకోవచ్చు. వీటిని అటాచ్‌మెంట్లు అంటారు. కంపెనీ లోడర్లు బజారులో దొరుకుతాయి. అయినా పాత లారీ చాసిస్, పొక్లెయిన్ విప్పితే వచ్చిన జాకీలు, అరిగిపోయిన గ్రేడర్ బ్లేడు లాంటి తుక్కుతో వెల్డింగ్ షాపులో చేయించుకునే రైతులూ ఉన్నారు. హైదరాబాద్‌లో అమీర్‌పేట, పంజాగుట్టలకు దగ్గర్లో ఉన్న ఇనుప బజార్లను ఆధారం చేసుకుని ఆ పనిని వివరించేది ఈ వ్యాసం.

చవక అని తుక్కు కొంటారనే మాట సగమే నిజం. తూకం వేసి అమ్మేవాడికి అది కిలోల లెక్క. కొనేవాడికి మాత్రం ఆ ముక్క అంతకుముందు ఏ బండిలో, ఏ బరువు కింద పని చేసిందన్నది లెక్క. లారీ కింద పదేళ్లు ఊగిన పట్టీ, గోడకు కిటికీ కమ్మీగా ఉన్న పట్టీ తుక్కు కుప్పలో ఒకే తుప్పు రంగులో పడి ఉంటాయి. వాటిని వేరు చేయగలిగిన కన్నే ఈ పనిలో అసలు పెట్టుబడి.

పేర్లు

తెలుగు పల్లెల్లో పసుపు రంగు లోడర్ ఏ కంపెనీదైనా జేసీబీయే. గొలుసు చక్రాల తవ్వకపు యంత్రం ఏదైనా పొక్లెయినే. ట్రాక్టర్‌కు బిగించే లోడర్‌కు అంత స్థిరమైన పేరు పడలేదు. కొందరు ముందు బకెట్ అంటారు, కొందరు డోజర్ అంటారు. హైడ్రాలిక్ సిలిండర్‌ను షాపుల్లో జాకీ అంటారు. లారీ స్ప్రింగు కట్టలోని ఒక్కో రేకు కమాను పట్టీ. ఎల్ ఆకారపు ఇనుము యాంగులర్, మూడు పక్కల గోడ ఉన్నది చానల్. తుక్కు అనేది పత్రికల మాట. హైదరాబాద్ వీధిలో అది స్క్రాప్, అమ్మేవాడు కబాడీ.

ఇనుము దొరికే దారి

అమీర్‌పేటలో పొలం లేదు. పంజాగుట్ట కూడలిలో ట్రాక్టర్ ఆపి చూసుకునేంత జాగా లేదు. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల గోడల నిండా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. కానీ అమీర్‌పేట నుంచి బల్కంపేట ఎల్లమ్మ గుడి పక్కగా వెళ్లి ఫతేనగర్ వంతెన ఎక్కి దిగితే దృశ్యం మారిపోతుంది. ప్లేట్లు, పైపులు, చానళ్లు, కోసిన ముక్కలు రోడ్డు మీదకు పొడుచుకొచ్చిన దుకాణాలు వరుసగా కనిపిస్తాయి. ఇంకొంచెం ముందుకు వెళ్తే బాలానగర్, దాని చుట్టూ లేత్ మిషన్ల షెడ్లు. ఈ మొత్తం దారి నాలుగైదు కిలోమీటర్లకు మించదు.

మెట్రోలో మియాపూర్ వైపు ఎక్కితే అమీర్‌పేట తర్వాత మూడో స్టేషన్ ఎర్రగడ్డ. అక్కడి ఆదివారం సంతలో పాత పానాలు, గ్రైండర్లు, మోటార్లు నేల మీద పరిచి అమ్ముతారు. బేరింగులు, హైడ్రాలిక్ పైపులు, సీళ్లు కొత్తవి కావాలంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌కు పోవాలి. తుక్కుతో చేసే లోడర్‌లో కూడా కొత్తగా కొనాల్సినవి కొన్ని ఉంటాయి. సీళ్లు, పైపుల దగ్గర పొదుపు చేసినవాడు ఆ పనిని రెండోసారి చేస్తాడు.

ఈ ప్రాంతానికి ఇనుప గుణం నిన్న మొన్న రాలేదు. 1942లో మొదలైన ఆల్విన్ కర్మాగారం సనత్‌నగర్‌లో బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు తయారుచేసింది. బాలానగర్‌లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో కేంద్ర ప్రభుత్వం 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను నెలకొల్పింది. పెద్ద కర్మాగారాలకు విడిభాగాలు చేసిచ్చే చిన్న షెడ్లు వాటి చుట్టూ పెరిగాయి.

పల్లె నుంచి వచ్చిన ఆలోచన ఈ షెడ్లలో పూర్తయిన ఉదాహరణల్లో అందరికీ తెలిసినది, చీర నేతకు దారం చుట్టే ఆసు యంత్రం. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, ఆసు పోసి పోసి భుజం పడిపోయిన తల్లి లక్ష్మి కోసం ఏళ్ల తరబడి ఆ యంత్రంతో కుస్తీ పట్టాడు. చివరి చిక్కు విడింది బాలానగర్‌లో. అక్కడ పనికి వెళ్లినప్పుడు ఒక యంత్రం కదలికను చూసి, తన ఆసులో ఆగిపోయిన భాగానికి దారి కనుక్కున్నాడు. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. అది మగ్గానికి సంబంధించినదే గానీ ట్రాక్టర్‌ది కాదు. కానీ బాలానగర్ అనే చోటు పల్లెకు ఏమి ఇవ్వగలదో చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

చరిత్ర

ట్రాక్టర్‌కు హైడ్రాలిక్ శక్తితో పనిముట్టు ఎత్తించే ఆలోచనను స్థిరపరిచినవాడు ఐర్లండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్. ఆయన మూడు బిందువుల లింకేజీకి 1926లో పేటెంటు వచ్చింది. నేటికీ మన ట్రాక్టర్ల వెనక కనిపించే మూడు చేతులు ఆ వంశానివే. భారత ప్రమాణం ఐఎస్ 4468 వాటి కొలతలను నిర్దేశిస్తుంది. ఒకటో తరగతి లింకేజీకి కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, పై పిన్ను 19. రెండో తరగతికి 28, 25. తుక్కుతో వెనక పనిముట్టు చేసేవాడు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలివి. ముందు లోడర్‌కు మాత్రం మన పల్లెల్లో అలాంటి ఉమ్మడి కొలత అమలులో లేదు. ఏ ట్రాక్టర్‌కు ఆ ట్రాక్టర్‌నే కొలుచుకోవాలి.

జేసీబీ కంపెనీ కూడా తుక్కులోంచి పుట్టిందే. ఇంగ్లండ్‌లోని యుటాక్సెటర్ ఊళ్లో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ 1945 అక్టోబరులో అద్దె గ్యారేజీలో, ఒక పౌండుకు కొన్న పాత వెల్డింగ్ సెట్టుతో, యుద్ధంలో మిగిలిపోయిన సామానుతో ట్రెయిలర్ ఒకటి తయారుచేశాడు. దాన్ని 45 పౌండ్లకు అమ్మాడు. కొన్నవాడు తన పాత బండిని కూడా వదిలిపోతే దాన్ని బాగుచేసి మళ్లీ 45 పౌండ్లకు అమ్మాడు. 1949లో ట్రాక్టర్‌కు బిగించే హైడ్రాలిక్ లోడర్, 1953లో వెనక తవ్వే చేయి ఉన్న లోడర్ వచ్చాయి. ఆ కంపెనీ 1979లో ఎస్కార్ట్స్‌తో కలిసి మన దేశానికి, హర్యానాలోని బల్లభ్‌గఢ్‌కు వచ్చింది. అలా వచ్చిన యంత్రాలు ముసలివై విడిపోతే వాటి జాకీలు, పిన్నులు, బకెట్ అంచులు తుక్కు దుకాణాలకు చేరి ఇంకో ట్రాక్టర్ మీద ఎక్కుతాయి.

తెలుగు నేల మీద దీనికి మూలపురుషుడు కమ్మరి. కొలిమి దగ్గర లారీ కమాను పట్టీని ఎర్రగా కాల్చి గొడ్డలి, కొడవలి సాగగొట్టడం ఎప్పటినుంచో ఉన్న పనే. ఆ పట్టీ పదును నిలుపుతుందని కమ్మరికి తెలుసు. ట్రాక్టర్లు వచ్చాక వెల్డింగ్ షాపు కొలిమి పక్కన చేరింది. దమ్ము చేయడానికి ట్రాక్టర్‌కు తగిలించే ఇనుప చక్రాలు, అంటే కేజ్ వీల్స్, ఎన్నో ఊళ్లలో స్థానిక వెల్డింగ్ షాపుల్లో యాంగులర్లతో తయారైనవే. స్థానికంగా చేసుకునే ట్రాక్టర్ పనిముట్లలో బాగా వ్యాపించినవి ఇవి. తారు రోడ్డును చీల్చేస్తున్నాయని అధికారులు పేచీ పెట్టేదీ వీటితోనే.

ఇనుమును గుర్తుపట్టడం

షాపువాళ్ల ప్రయోగశాల గ్రైండర్. ముక్కను రాయికి ఆనిస్తే రవ్వలు చెబుతాయి. మెత్తని ఉక్కు నుంచి పొడవైన పసుపు తీగల్లా రవ్వలు సాగుతాయి, చివర్లో చీలికలు తక్కువ. కార్బన్ ఎక్కువున్న ఉక్కు నుంచి రవ్వలు కాకరపువ్వొత్తిలా గుబురుగా పగులుతాయి. పోత ఇనుము రవ్వలు పొట్టిగా, ఎర్రగా ఉండి త్వరగా ఆరిపోతాయి. పోత ఇనుముతో లోడర్ చేయి చేయకూడదు. అది వంగదు, చెప్పకుండా విరుగుతుంది.

కమాను పట్టీ దగ్గర అనుభవం లేనివాళ్లు మోసపోతారు. అంత గట్టి ఇనుము కదా అని దాన్ని చేతులకు అడ్డపట్టీగా మామూలు 6013 రాడ్డుతో అతికిస్తారు. అతుకు అందంగానే కనిపిస్తుంది. కానీ అతుకు పక్కన వేడెక్కి వెంటనే చల్లారిన భాగం గాజులా పెళుసై, నెల తిరక్కుండా వెంట్రుకంత పగులు బయలుదేరుతుంది. అతికి తీరాలంటే పట్టీని ముందు బాగా వేడి చేసి, ఆరబెట్టిన 7018 లో హైడ్రోజన్ రాడ్డు వాడి, తర్వాత బూడిదలోనో ఇసుకలోనో మెల్లగా చల్లార్చాలి. బకెట్ పళ్లకు, గీరే అంచుకు ఆ పట్టీ బంగారం లాంటిది. అక్కడ దాన్ని అతకడం కన్నా బోల్టు వేయడం మేలు, అరిగితే విప్పి తిప్పుకోవచ్చు.

లారీ చాసిస్ పట్టాలు చేతులకు బాగా పనికొస్తాయి. మామూలు చానల్ కన్నా గట్టి ఉక్కు అది. అయితే రివెట్ రంధ్రాల చుట్టూ సన్నని పగుళ్లు ఉంటాయి. రంగు గీకి, డీజిల్ రాసి తుడిచి, సుద్దపొడి చల్లితే పగులులో దాగిన డీజిల్ గీతలా పైకి ఉబుకుతుంది. ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా పట్టాను కోయకూడదు. పిన్నులకు లారీ యాక్సిల్ షాఫ్టులను లేత్ మీద తిప్పించుకుంటారు. పైపొర బాగా గట్టిపడి ఉంటుంది కాబట్టి లేత్ మనిషి సణుగుతాడు, కానీ ఆ పిన్ను అరగడానికి ఏళ్లు పడుతుంది. జస్తా పూత పైపులను మూసిన షెడ్డులో వెల్డ్ చేస్తే ఆ పొగకు రాత్రికి చలిజ్వరం వస్తుంది. పూత గీకేసి, గాలి ఆడే చోట చేసుకోవాలి.

బరువు ఎటు పోతుంది

ఈ పనిలో అన్నిటికన్నా తక్కువ ఆలోచించే విషయం ఇదే, ఎక్కువ ట్రాక్టర్లను పాడుచేసేదీ ఇదే. ఒక లెక్క చూద్దాం. 50 మిల్లీమీటర్ల లోపలి కొలత ఉన్న రెండు జాకీలు, 150 బార్ నూనె ఒత్తిడి ఉన్నాయనుకుందాం. ఒక్కో జాకీ మూడు టన్నులు తోస్తుంది, రెండూ కలిసి ఆరు. చేయి కీలు నుంచి జాకీ లాగే గీతకు 40 సెంటీమీటర్లు, బకెట్‌కు 2.2 మీటర్లు దూరం ఉంటే బకెట్ దగ్గర మిగిలేది 1,090 కిలోల బలం. చేతుల బరువు, బకెట్ బరువు పోను 800 కిలోలు ఎత్తవచ్చు. చూసినవాళ్లు భేష్ అంటారు.

ఇప్పుడు ట్రాక్టర్ వైపు నుంచి చూడాలి. 1,900 కిలోల ట్రాక్టర్‌లో ముందు ఇరుసు మీద 760, వెనక 1,140 కిలోలు ఉన్నాయనుకుందాం. రెండు ఇరుసుల మధ్య దూరం 1.9 మీటర్లు. ఆ 800 కిలోలు ముందు ఇరుసుకు 1.2 మీటర్ల ముందు వేలాడితే ముందు ఇరుసు మీద భారం 2,065 కిలోలకు ఎగబాకుతుంది, వెనక 635కు పడిపోతుంది. లోడర్ సొంత బరువు ఇందులో కలపలేదు. పంపు ఎత్తగలదు, ఇరుసు మోయలేదు. స్టీరింగ్ బిగుసుకుంటుంది, ముందు బేరింగులు పోతాయి, వెనక చక్రాలకు పట్టు దొరకదు, వాలులో బ్రేకు వేస్తే బండి ముక్కు మీద పడుతుంది.

వెనక బరువు కడితే సరిపోతుందని చాలామంది నమ్మకం. వెనక ఇరుసుకు 80 సెంటీమీటర్ల వెనక 400 కిలోల సిమెంటు దిమ్మ వేలాడదీస్తే ముందు ఇరుసు మీద తగ్గేది 168 కిలోలే. వెనక చక్రాలకు మాత్రం 568 కిలోల పట్టు వస్తుంది. అంటే దిమ్మ బోల్తా పడకుండా కాపాడుతుంది గానీ ముందు ఇరుసును కాపాడదు. ఇరుసును కాపాడేది చిన్న బకెట్ ఒక్కటే. 300 కిలోలకు పరిమితమైతే ముందు భారం 1,250 దగ్గర ఆగుతుంది. బకెట్ కొలత కూడా దేనికోసమో చూసి పెట్టాలి. ఆరిన దిబ్బ ఎరువుకు సరిపోయే బకెట్‌లో తడి ఇసుక నింపితే బరువు రెండింతలు దాటుతుంది. పెంట తోలడానికని చేయించిన బకెట్‌ను ఇల్లు కట్టేటప్పుడు ఇసుకకు వాడని రైతు ఉండడు. అందుకే పెద్ద బకెట్ చేయించుకోవద్దని మేస్త్రీ చెబితే వినాలి.

చట్రం ఎక్కడ బిగించాలన్నది దీనికి కొనసాగింపు. లారీకి ఉన్నట్లు మన ట్రాక్టర్లలో చాలా వాటికి కింద విడిగా చాసిస్ ఉండదు. ఇంజను, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్సు ఒకదానికొకటి బోల్టులతో బిగిస్తే అదే వెన్నెముక. లోడర్‌ను ముందు కొసకు మాత్రమే వేలాడదీస్తే ఆ భారమంతా క్లచ్ హౌసింగ్ దగ్గర విరుపుగా మారుతుంది. అది పోత ఇనుము. కాబట్టి రెండు పక్కలా చానళ్లను ముందు బ్రాకెట్ నుంచి వెనక ఇరుసు హౌసింగ్ దాకా సాగించి బిగించాలి. తుక్కు లోడర్లలో మంచిదేదో చెడ్డదేదో తేల్చడానికి బకెట్ చూడనక్కర్లేదు. ట్రాక్టర్ పక్కన వంగి ఈ చానల్ ఎక్కడిదాకా వెళ్లిందో చూస్తే చాలు.

జాకీలు, నూనె

తుక్కులో దొరికే జాకీలు రెండు రకాలు. ట్రాలీని ఎత్తేది ఒకవైపే తోస్తుంది, బరువు వల్ల తిరిగి దిగుతుంది. అది చేతులు ఎత్తడానికి పనికొస్తుంది. బకెట్ మూతిని కిందికీ పైకీ తిప్పడానికి మాత్రం రెండు వైపులా తోసే జాకీ కావాలి. పాత జేసీబీ నుంచి వచ్చేది ఆ రకం. కొనేటప్పుడు కడ్డీ మొత్తం బయటికి లాగించి, గోరుతో రాసి చూడాలి. క్రోమ్ పూత మీద గోరు తట్టుకునే గుంత ఉంటే కొత్త సీలు వారం కూడా నిలవదు. వెల్డింగ్ చేసేటప్పుడు కడ్డీకి తడిగుడ్డ చుట్టకపోతే రవ్వలు పడి అలాంటి గుంతలను మనమే తయారుచేసుకుంటాం. నూనె దారులు మూసి ఉన్న పాత జాకీని గ్యాస్‌తో కోయడం బాంబును కోయడమే. ముందు రెండు రంధ్రాలూ తెరిచి నూనె వంచేయాలి.

చాలా ట్రాక్టర్లలో గేర్‌బాక్సు నూనే హైడ్రాలిక్ పంపుకూ వెళ్తుంది. కాబట్టి పాత జాకీ లోపలి తుప్పు, ఇసుక నేరుగా గేర్ల మధ్యకు చేరుతుంది. డీజిల్‌తో కడిగి, తిరిగివచ్చే దారిలో ఫిల్టరు పెట్టడం తప్పనిసరి. ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు లేకుండా లోడర్ నడపరాదు. పైపు నుంచి సన్నగా నూనె చిమ్ముతుంటే వేలితో వెతకకూడదు. కంటికి కనిపించని ఆ ధార చర్మంలోకి దూరుతుంది. మొదట చీమ కుట్టినంతే అనిపించినా ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చేయి పోతుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి, నూనె దూరిందని అనుమానం వచ్చినా వెంటనే శస్త్రచికిత్స ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి.

తగిలించేవి

బకెట్ తర్వాత ఎక్కువ అక్కరకొచ్చేది గడ్డి కట్టల ఫోర్కు. హార్వెస్టర్ కోసిన వరి పొలంలో బేలరుతో కట్టలు కట్టడం పెరిగాక వాటిని ట్రాలీకి ఎత్తడం కొత్త చాకిరీ అయింది. బ్లేడుకు రోడ్డు గ్రేడర్ అరగదీసి పారేసిన అంచు ముక్క సరిపోతుంది. పంజాకు అదనంగా మరో జాకీ, మరో వాల్వు కావాలి కాబట్టి తుక్కుతో చేసేవాళ్లు సాధారణంగా దాని జోలికి పోరు. అన్నిటికీ ఒకే కొక్కెం, ఒకే పిన్ను దూరం పెట్టుకోవడం తెలివైన పని. అది మొదటి రోజే అనుకోకపోతే తర్వాత కుదరదు.

చట్టం, సంస్థలు

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. పొలంలో బిగించి విప్పేసే పనిముట్టు వేరు, వెల్డ్ చేసి శాశ్వతం చేసినది వేరు. రెండోదానితో రోడ్డెక్కితే చిక్కే. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ మొదట అడిగేదీ ఇదే ప్రశ్న.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. పల్లె ఆవిష్కర్తలను వెతికి వెలుగులోకి తెచ్చే పల్లె సృజన అనే స్వచ్ఛంద సంస్థను విశ్రాంత బ్రిగేడియర్ పి.గణేశం హైదరాబాద్ నుంచి నడుపుతున్నారు. 2000లో అహ్మదాబాద్‌లో ఏర్పడిన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌దీ అదే దారి. గుజరాత్‌లో బుల్లెట్ మోటారు సైకిల్‌కు గుంటక తగిలించి మన్‌సుఖ్‌భాయి జగానీ చేసిన బుల్లెట్ సాంతీ ఆ సంస్థ గుర్తింపు పొందింది. నమూనాలు తయారుచేసుకునేందుకు రాయదుర్గంలో టీ-వర్క్స్ 2023 మార్చిలో తెరుచుకుంది. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే నేరుగా చేరవచ్చు.

వీటన్నిటి మధ్య లేనిది కాగితం మీద గీత. అమీర్‌పేటలో క్యాడ్ నేర్పే శిక్షణ కేంద్రాలు ఉన్నాయి, అక్కడ నేర్చినవాళ్లు తెర మీద బేరింగులు, పిస్టన్లు గీసి వెళ్లిపోతారు. నాలుగు కిలోమీటర్ల అవతల షెడ్డులో లోడర్ చేయి కొలతను మేస్త్రీ సుద్దముక్కతో సిమెంటు నేల మీద గీస్తాడు. ఆ గీత మీద పట్టాలు పేర్చి, కోసి, అతికి, రంగు వేసి పంపిస్తాడు. సాయంత్రం షెడ్డు ఊడుస్తారు. అదే ట్రాక్టర్ ఉన్న ఇంకో రైతు వస్తే, బండిని మళ్లీ లోపలికి తోసి టేపు తీస్తారు.